టైరు మీద టామీ చప్పుడు

పోయిన నెల, నాకు లారీ పని నేర్పిన మా ఉస్తాద్ కాలం చేశాడు. దినాల రోజు నర్సంపేట అవతల వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇంటి వెనక గడ్డివాము మీద పాత తాడ్పత్రి (టార్పాలిన్) ఒకటి కప్పి ఉంది. ముందురోజు రాత్రి వాన పడ్డట్టుంది, ఎండెక్కేసరికి దాని మీంచి ఆవిరి లేస్తోంది. మైనం, డీజిలు, తడిసిన గుడ్డ కలగలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపల్నుంచి "తమ్మీ, అన్నానికి రా" అని పిలుస్తున్నారు. నా మనసంతా వరంగల్ ఏనుమాముల మార్కెట్ బయట, లోడు మీద కాలు తన్నిపెట్టి తాడు లాగుతున్న రోజుల దగ్గరికి పోయింది.

ఇప్పటి కంటైనర్ బండ్లకు తాడ్పత్రి లేదు, తాడు లేదు. ఆ వాసన ఏమిటో కొత్త డ్రైవర్లకు తెలియదు. నాకు గుర్తున్నంతవరకు రాసి పెడదామనిపించింది.

*

బాపు పోయిన ఏడాది నా చదువు ఆగింది. వరంగల్ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డులో చేరాను. అక్కడికి కట్టలు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, మార్పించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరే మా ఉస్తాద్. నేను బండి కింద పడుకుని గ్రీజు కొడుతుంటే ఒంగి చూసి, "ఏ పోరడా, బండి మీదికొస్తవా? జీతం తక్కువే గని తిండికి రంది లేదు" అన్నాడు. ఆ సాయంత్రం అమ్మకు చెప్పి, రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని వెళ్ళాను.

బండి పది టైర్ల లేలాండ్. ఓనరు హన్మకొండలో ఉండేవాడు, ఉన్నది ఆ ఒక్క బండే. క్లీనర్ అంటే బండి తుడిచేవాడని అందరూ అనుకుంటారు. తుడవడం అందులో చిన్న పని. తెల్లవారుజామున ఉస్తాద్ కంటే ముందు లేవాలి. రేడియేటర్‌లో నీళ్ళు, ఇంజన్‌లో ఆయిలు చూడాలి. అద్దం కడగాలి. ఆ తర్వాత టామీ తీసుకుని బండి చుట్టూ తిరగాలి. టామీ అంటే చక్రాల బోల్టులు విప్పేటప్పుడు స్పానర్‌లో దూర్చి తిప్పే ఇనుప కడ్డీ. దానితో ఒక్కో టైరునూ కొట్టుకుంటూ పోవాలి.

వెనక రెండు ఇరుసుల మీద ఎనిమిది టైర్లు, జంటలు జంటలుగా ఉంటాయి. లోపలి టైరులో గాలి పోయినా బరువంతా బయటిది మోస్తుంది కాబట్టి చూస్తే ఏమీ తెలియదు. అలాగే పోతే ఒంటరి టైరు వేడెక్కి పేలుతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది. టామీ దెబ్బకు నిండు టైరు ఠంగుమని కడ్డీని ఎగరగొడుతుంది. గాలి తగ్గినది ధబ్బుమని మూగగా పలుకుతుంది. మొదట్లో నాకు అన్నీ ఒకేలా వినిపించేవి. "చూసుడు కాదురా, ఇను" అనేవాడు ఉస్తాద్. అటువైపు తిరిగి పళ్ళు తోముకుంటూనే, "అయిదోది మళ్ళొకసారి కొట్టు" అనేవాడు. పంపు దగ్గర గాలి చూపిస్తే నిజంగానే అయిదోదాంట్లోనే తక్కువ ఉండేది. చాలా రోజులకు గాని నా చెవులకు ఆ తేడా పట్టుబడలేదు. పట్టుబడ్డాక మాత్రం ఎప్పుడూ పోలేదు. ఇప్పటికీ రోడ్డు పక్క ఎవరైనా టైరు కొడుతుంటే తల అటే తిరుగుతుంది.

బండి వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ గొంతే అద్దం. "రానీ… రానీ… కొంచెం లెఫ్ట్ కొట్టు… రానీ… హోల్డాన్!" ఎడమ పక్క డోరు మీద ఒక్క దెబ్బ కొడితే ఆగు అని, రెండు కొడితే పోనీ అని. ఇరుకు సందుల్లో, పెద్ద వానలో, పక్కన హారన్ల మోతలో కూడా ఉస్తాద్‌కు ఆ దెబ్బ వినబడేది. వైపర్ పని చేయనప్పుడు బీడీ పొగాకు నలిపి అద్దానికి రుద్దితే వాన నీళ్ళు నిలవకుండా జారిపోతాయని అప్పుడే తెలిసింది.

*

అప్పట్లో లోడు ఏమిటో ఎవరినీ అడిగే పని ఉండేది కాదు, వాసనే చెప్పేది. మెట్‌పల్లి, నిజామాబాద్ వైపు నుంచి పసుపు ఎత్తితే నా బనియన్లు రెండు ఉతుకుల దాకా పచ్చగానే ఉండేవి. ఎండాకాలం మొదట్లో మిరప బస్తాలు. వరంగల్ చపాటా మిర్చి, టమాట మిరప అని కూడా అంటారు, మంచి ఎరుపు, కారం తక్కువ. కారం తక్కువన్న మాట తినేవాళ్ళకు గాని, ఆ బస్తాల మీద పడుకుని ప్రయాణం చేసేవాడికి కాదు. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు ముందు నా కళ్ళే మండినట్టనిపించింది.

అన్నిటికంటే ఎక్కువ భయం, ఎక్కువ శ్రద్ధ పత్తి లోడుకే. దసరా దాటితే ఏనుమాముల మార్కెట్ అంతా తెల్లగా మారిపోయేది. ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు, ఆటోలు రాత్రే వచ్చి వరుస కట్టేవి. ఆ పత్తి జిన్నింగ్ మిల్లుకు పోయి, గింజ తీసి, నొక్కి, బేలుగా మారి మా బండి ఎక్కేది. ఒక్కో బేలు 170 కిలోలు. వంద బేళ్ళు ఒక లాట్, అంటే 17 టన్నులు. కోయంబత్తూరు మిల్లులకు అవే పోయేవి. హమాలీలు ఇనుప కొక్కేలు గుచ్చి, "హైస్సా" అంటూ దొర్లిస్తుంటే బండి కట్టలు కిర్రుకిర్రుమనేవి. ఎంత బరువు ఎక్కిందో ఆ కిర్రులోనే ఉస్తాద్‌కు తెలిసేది, ఆ తర్వాత కాంటా మీద చూసుకునేవాడు.

ఉస్తాద్ బీడీ లేకుండా అరగంట ఉండలేడు. అలాంటి మనిషి పత్తి లోడు ఎక్కిన క్షణం నుంచి దిగేదాకా బీడీ ముట్టేవాడు కాదు. అగ్గిపెట్టె కూడా జేబులో ఉంచుకునేవాడు కాదు, టూల్ బాక్సులో వేసి తాళం పెట్టేవాడు. నోట్లో వక్క ముక్క. పత్తికి అంటుకున్న నిప్పు వెంటనే మంటగా కనిపించదు. బేలు లోపల్లోపల రాజుకుంటూ ఎంతో దూరం పోయాక గాలికి ఒక్కసారి పైకి లేస్తుంది. ధాబా దగ్గర ఎవరైనా బీడీ నోట్లో పెట్టుకుని మా బండి పక్కకు వస్తే, "కాకా, దండం పెడత, దూరం పో" అని నిజంగానే చేతులు జోడించేవాడు.

తాడ్పత్రి కప్పడం ఒక పూట పని. ముందువైపు అంచు లోపలికి మడవాలి, లేకపోతే గాలి దూరి చింపేస్తుంది. తాడు కొక్కేనికి వేసి, కాలు బాడీకి తన్నిపెట్టి, నడుము వెనక్కి వాల్చి లాగాలి. ఆ ముడి ఎంత గట్టిగా ఉన్నా ఒక్క కొస లాగితే విడిపోవాలి. నా అరచేతుల కాయలు చూసి అమ్మ ఏడ్చింది. ఉస్తాద్ కొబ్బరినూనె సీసా ఇచ్చి రాత్రిపూట రాసుకోమన్నాడు.

*

ఉత్తరం వైపు లోడు దొరికితే ఉస్తాద్‌కు పండగే. కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్ దగ్గర ఏడో నంబరు హైవే ఎక్కేవాళ్ళం. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా పోయే ఆ రోడ్డుకే ఇప్పుడు ఇక్కడ 44 అని పేరు. సోన్ వంతెన మీద గోదావరి రాగానే బండి మెల్లగా చేసి, నా చేతికి రూపాయి బిళ్ళ ఇచ్చేవాడు. నేను కిటికీలోంచి నదిలోకి విసిరేవాడిని. ములుగు వైపు పోతే గట్టమ్మ తల్లి దగ్గర ఎట్లా ఆగకుండా పోడో, ఇక్కడ గోదావరికి బిళ్ళ వేయకుండా పోడు.

నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్. టేకు చెట్ల మధ్య పాము మెలికల్లాంటి మలుపులు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది ఉస్తాద్ పట్టు. దిగుడు మొదలయ్యే ముందు రోడ్డు పక్కన ఆపి, గాలి మీటరు చూసి, బ్రేకు రెండు మూడు సార్లు తొక్కి చూసేవాడు. డీజిలు మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలేసి దిగే డ్రైవర్లు అప్పుడూ ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకు మీదే పడుతుంది. లైనింగులు కాలిపోయాక ఎంత తొక్కినా బండి ఆగదు. కింద లోయలో పడి ఉన్న బండ్ల ముక్కలు చూపించి, "వాని డీజిలు మిగిలింది, చూడు" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం ఉండేది కాదు, బాధ ఉండేది. ఇప్పుడు నాలుగు లైన్ల రోడ్డు మీద ఆ జాగా ఎప్పుడు దాటిపోయామో కూడా తెలియదు.

చలికాలం ఆదిలాబాద్ రాత్రుల గురించి చెప్పాలి. ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా పోతుంటే క్యాబిన్ చెక్క సందుల్లోంచి గాలి సూదుల్లా గుచ్చుకునేది. ఇంజన్ మీద మూత వెచ్చగా ఉంటుందని కాళ్ళు దాని మీద పెట్టుకునేవాడిని. తర్వాత మహారాష్ట్ర సరిహద్దు దగ్గర భోరజ్ చెక్‌పోస్ట్. లైను చాలా దూరం ఉండేది. కాగితాలు, ముద్రలు, మళ్ళీ కాగితాలు. లారీ కింద చాప పరిచి, కిరోసిన్ స్టవ్ మీద అన్నం, టమాటాలు వేసి గుడ్ల పులుసు వండుకునేవాళ్ళం. పక్క బండి పంజాబ్‌ది, దాని వెనకది తమిళనాడుది. వాళ్ళు రొట్టె ఇచ్చేవాళ్ళు, మేం పులుసు ఇచ్చేవాళ్ళం. నా హిందీ అంతా ఆ లైన్లలో నేర్చుకున్నదే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఆ ఎదురుచూపులు పోవడం మంచిదే, ఒక్క పూట కూడా నాకు అవి మళ్ళీ వద్దు. ఆ లైన్లలో కలిసిన మనుషులు మాత్రం గుర్తొస్తారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. బండి రోడ్డు మీద చెడిపోతే, వెనక వచ్చేవాళ్ళకు తెలియడానికి చెట్టు కొమ్మ విరిచి వేసి, పెద్ద పెద్ద రాళ్ళు వరసగా పెట్టేవాళ్ళు. బండి బాగయ్యాక చాలామంది రాళ్ళు అక్కడే వదిలేసి పోతారు. చీకట్లో బైకు మీద వచ్చే మనిషి వాటికి తగిలి పడతాడు. ఉస్తాద్ తన రాళ్ళే కాదు, ఎవరో వదిలేసిన రాళ్ళు లైట్ల వెలుగులో కనిపించినా బండి ఆపేవాడు. "దిగు, తియ్" అనేవాడు. వానలో కూడా. మంచితనం అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ రాళ్ళే గుర్తొస్తాయి.

*

రవాణా బండి నడపాలంటే ఇరవై ఏళ్ళు నిండాలి, అంతకుముందు కనీసం ఏడాది పాటు చిన్న బండి లైసెన్స్ ఉండాలి. నా హెవీ లైసెన్స్ చేతికి వచ్చిన రోజు ఉస్తాద్ భద్రకాళి గుడికి తీసుకుపోయి కొబ్బరికాయ కొట్టించాడు. కొన్నాళ్ళు ఆయన పక్కన కూర్చుంటే నేను నడిపాను. తర్వాత ఆయనే అన్నాడు, "ఒక్క బండి ఓనర్ దగ్గర ఎన్నేండ్లు చేసినా నీకు రేపు ఏముండది. పీఎఫ్ ఉన్న పెద్ద కంపెనీల పడు."

అలా హైదరాబాద్‌లో ఒక పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో చేరాను. మేడ్చల్ వైపు వాళ్ళ యార్డు. అన్ని బండ్లు ఒకేచోట నిలబడి ఉండటం నేను జన్మలో చూడలేదు. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. ఒక్కదానికీ నిమ్మకాయ లేదు, మిరపకాయలు లేవు, వెనక రాతలు లేవు. కళ్ళ పరీక్ష చేశారు, యార్డులో రివర్స్ నడిపించి చూశారు, ఖాకీ చొక్కాలు ఇచ్చారు, ఒక కోడ్ నంబరు ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆఫీసులో అందరూ "నీ కోడెంత?" అనేవాళ్ళే. పేరు అడిగినవాళ్ళు లేరు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, అంతమంది డ్రైవర్ల పేర్లు ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అయినా చాలా రోజులు గుండెల్లో ఏదో ముల్లు ఉన్నట్టే ఉండేది.

మొదటి డ్యూటీ నాగ్‌పూర్. దాదాపు 500 కిలోమీటర్లు. బండి ప్లాట్‌ఫామ్‌కు ఆనించి తాళం ఇచ్చేసి పోవాలి. లోడు వాళ్ళే ఎక్కిస్తారు, తలుపు వేసి సీలు కొడతారు, ట్రిప్ షీట్ చేతిలో పెడతారు. లోపల ఏముందో కాగితం మీద పెట్టెల లెక్కే తప్ప మరేం లేదు. నేను అలవాటుగా తలుపు సందు దగ్గర ముక్కు పెట్టాను. రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు. మందులో, బట్టలో, టీవీలో, ఏం మోసుకుపోతున్నానో తెలియకుండా రాత్రంతా నడపడం వింతగా ఉండేది. ఎంత జాగ్రత్తగా పోవాలో లోడును బట్టి తెలిసేది కదా. పత్తికి ఒక నడక, సిమెంటుకు ఒక నడక. ఇక్కడ అన్నిటికీ ఒక్కటే నడక, షెడ్యూల్ టైమ్.

చట్టం ఉండేది. 1961లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదనేది. అయిదు గంటలు నడిపితే అరగంట విరామం ఇవ్వాలనేది. మేం నడిపే రాత్రులకు ఆ లెక్క ఎప్పుడూ కుదిరేది కాదు. బండి ఆపి కాసేపు కన్ను మూస్తే కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్, "ఎందుకు ఆగావు?" అని. నిద్ర వస్తోందని చెబితే అవతల ఒక్క నిమిషం మాట ఉండదు, తర్వాత "సరే, త్వరగా కదులు." డీజిలు మిగిలిస్తే బోనస్ ఉండేది. ఆ బోనస్ కోసం న్యూట్రల్ వేసే కుర్రాళ్ళను చూస్తే మహబూబ్ ఘాట్ గుర్తొచ్చి కడుపులో తిప్పేది. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెప్పేవాడిని. కొందరు విన్నారు.

ఒకసారి సీలు చెక్కుచెదరకుండా ఉంది, దింపేటప్పుడు ఒక పెట్టె తక్కువ వచ్చింది. సీలు కొట్టేటప్పుడు నేను అక్కడ లేను, లెక్క పెట్టే అధికారం నాకు లేదు. అయినా నా జీతంలోనే కోసేశారు. ఆ డబ్బు పెద్దది కాదు. నేను ముట్టని సరుకుకు నన్ను బాధ్యుణ్ణి చేయడం మాత్రం ఇప్పటికీ అన్యాయమనే అంటాను.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. జీతం నెల నెలా టైముకు పడేది. పీఎఫ్ జమ అయ్యేది. టైర్లు అరిగేదాకా నడపమని ఎవరూ అనలేదు, కొత్తవి వేసేవాళ్ళు. మా చెల్లెలి పెళ్ళి ఆ ఉద్యోగంతోనే చేశాను. మే నెల నాగ్‌పూర్ ఎండల్లో, ఇంజన్ వేడి కింద నుంచి తగులుతుంటే తడి తువ్వాలు తల మీద వేసుకుని నడిపినవాడిని. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అని విన్నప్పుడు సంతోషంతో ఇద్దరు ముగ్గురు పాత డ్రైవర్లకు ఫోన్ చేశాను. ఎప్పుడో రావాల్సింది.

*

కంపెనీలో నాకు మొదట్లో ఒక క్లీనర్ ఉండేవాడు, మహబూబాబాద్ వైపు తండా పిల్లవాడు. టామీ చప్పుడు వినడం నేర్పాను. నాకంటే తొందరగా పట్టుకున్నాడు. కొన్నాళ్ళకు బండికి ఒక్క డ్రైవర్ చాలని కంపెనీ నిర్ణయించింది. తాడ్పత్రి లేదు, తాడు లేదు, లోడు వేరేవాళ్ళు ఎక్కిస్తారు, ఇక క్లీనర్ ఎందుకు అని. లెక్క ప్రకారం వాళ్ళు చెప్పింది కొట్టిపారేయలేను. అయితే డ్రైవర్ తయారయ్యేది ఆ ఎడమ పక్క సీట్లోనే. అది తీసేస్తే రేపటి డ్రైవర్ ఎక్కడ కూర్చుని నేర్చుకుంటాడు? మేనేజర్ సార్‌ను ఈ మాట అడిగాను. "శిక్షణ సంస్థలు ఉన్నాయి కదా" అన్నారు. ఉన్నాయి, ఉండాలి కూడా, సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో పెట్టిన కేంద్రంలాంటివి ఇంకా రావాలి. అయినా ఘాట్ దిగుడు, పత్తి లోడు, రాత్రి మూడు గంటల నిద్ర, ఇవి పక్కన ఒక మనిషి ఉండి నేర్పాల్సినవి.

ఉస్తాద్ ఒకసారి నన్ను చూడటానికి మేడ్చల్ వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో ఎవరి కోసం వచ్చారో రాయమన్నాడు. ఆయన నా పేరు రాశాడు. వాచ్‌మన్‌కు ఆ పేరు తెలియదు, కోడ్ చెప్పమన్నాడు. ఆయనకు కోడ్ తెలియదు. చివరికి ఇంటి పేరు, ఊరు, చెల్లెలి పెళ్ళి దాకా చెబుతూ నిలబడ్డాడట. అటుగా వచ్చిన ఖమ్మం అన్న ఒకాయన విని నన్ను పిలుచుకొచ్చాడు.

నా బండి చుట్టూ తిరిగాడు. టామీ అడిగి తీసుకుని ఒక్కో టైరు కొట్టుకుంటూ పోయాడు. నేను మాట్లాడకుండా వెనక నడిచాను. క్యాబిన్ ఎక్కి స్టీరింగ్ ఒక్క వేలితో తిప్పి చూసి నవ్వాడు. ఆయన భుజాలు రెండూ పాత లేలాండ్ స్టీరింగ్ తిప్పీ తిప్పీ అరిగిపోయినవి. "సుఖంగున్నది బిడ్డా" అన్నాడు. తర్వాత ఎడమ సీటు వైపు చూసి, "పిలగాడేడి?" అన్నాడు. తీసేశారని చెప్పాను. చాలాసేపు ఆ సీటు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. "మరి నిద్రొస్తే ఎవడు మాట్లాడతడు?" అన్నాడు.

ఎదురుగా ఉన్న ధాబాలో రొట్టె, పప్పు తిన్నాం. బిల్లు నేను కడతానంటే ఒప్పుకోలేదు. నాగ్‌పూర్ డ్యూటీ పడితే సంత్రాలు తెమ్మన్నాడు, చిన్నవి, తొక్క వదులుగా ఉండేవి, పెద్దవి వద్దన్నాడు. ఆ చలికాలంలోనే తెచ్చి, నర్సంపేట బస్సు కండక్టర్ చేతికి బుట్ట ఇచ్చి పంపాను. ముట్టినయని మరునాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. సగం వాడకట్టు పిల్లలకే పంచాడట.